అసలు మనిషి శరీరాలతో మ్యూజియం: అభ్యంతరం మతానిదేనా?

పెదవాల్తేరు పద్మ
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన విదేశాల్లో జరిగిన ఒక ప్రదర్శన వీడియో పెట్టారు. చర్మం తీసేసిన అసలు మనిషి శరీరాలు. ఒకటి పరుగెడుతున్నట్టు, ఇంకొకటి చదరంగం ఆడుతున్నట్టు నిలబెట్టారు. "బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ ఉంది, విమానం ఉంది. ఇలాంటిది కూడా ఒకటి వస్తే మన వైజాగ్ పిల్లలకి ఎంత ఉపయోగమో" అన్నారాయన. కాసేపటికే గొడవ మొదలైంది. "దహనం కాని శవాన్ని ఊళ్లో పెట్టుకుని టికెట్ కొని చూస్తారా" అని ఒక పెద్దావిడ రాశారు. "ఈ మూఢనమ్మకాల వల్లే మన దేశం ఇలా ఉంది" అని ఇంకొకరు ఎదురు చెప్పారు. ఆవిడ గ్రూపులోంచి వెళ్లిపోయారు.

నాకు బాధనిపించింది. ఆవిడ మాటని అంత తేలిగ్గా తీసిపారేయొచ్చా? ఈ శరీరాలు ఎవరివి, ఎలా తయారు చేస్తారు, ఏ మతంవాళ్లు ఏమంటున్నారు? తెలిసినవాళ్లు చెప్పండి. దయచేసి ఇక్కడ దెబ్బలాట వద్దు.

అనాటమీ మాస్టారు
పద్మ గారూ, నేను చాలాకాలం మెడికల్ విద్యార్థులకు అనాటమీ చెప్పి రిటైరయ్యాను. ముందు తయారీ సంగతి చెబుతాను.

మీరు చూసింది ప్లాస్టినేషన్ పద్ధతి. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుంథర్ ఫాన్ హాగెన్స్ అనే డాక్టరు 1977లో కనిపెట్టాడు. మొదట ఫార్మలిన్ అనే మందు ఎక్కించి శరీరం కుళ్లకుండా ఆపుతారు. తర్వాత గడ్డకట్టే చల్లదనంలో ఉన్న అసిటోన్ అనే ద్రావకంలో ముంచితే ఒంట్లో నీరు, కొవ్వు బయటికొచ్చి వాటి జాగాలోకి అసిటోన్ చేరుతుంది. ఆ శరీరాన్ని సిలికోన్‌లో పెట్టి వాక్యూమ్ చేస్తే అసిటోన్ ఆవిరైపోయి కణాల్లోకి సిలికోన్ దిగుతుంది. చివర్లో కావలసిన భంగిమలో నిలబెట్టి గట్టిపరుస్తారు. ఒక పూర్తి శరీరానికి దాదాపు ఏడాది పడుతుంది. వాసన రాదు, చేతికి తడి అంటదు. పాఠం చెప్పడానికి ఇది వరం, అందులో నాకు అనుమానం లేదు. ఫార్మలిన్ ఘాటుకి కళ్లలో నీళ్లు కారుతుంటే నరం ఎక్కడుందో వెతికిన తరం మాది.

కానీ మెడికల్ కాలేజీ మ్యూజియం వేరు, టికెట్ పెట్టే ప్రదర్శన వేరు. కాలేజీలో దేహాన్ని చూసేవాడికి ఒక పని ఉంటుంది. మొదటి ఏడాది పిల్లలు డిసెక్షన్ హాల్లోకి, అంటే దేహాన్ని కోసి నేర్చుకునే గదిలోకి వచ్చేముందు చాలా కాలేజీల్లో ఇప్పుడు ప్రమాణం చేయిస్తున్నారు. ఈ దేహమే నా మొదటి గురువు, గౌరవంగా చూసుకుంటాను అని. నేను మా బ్యాచ్‌లకి చెప్పులు బయట విప్పించేవాణ్ని. బీచ్ రోడ్డులో ఐస్‌క్రీమ్ తింటూ వచ్చేవాళ్ల చేత ఎవరు ప్రమాణం చేయిస్తారు?

హేతువాది గాజువాక
మాస్టారూ, మీమీద గౌరవంతోనే అడుగుతున్నాను. చెప్పులు విప్పించడం కూడా ఒక పూజే కదా? శరీరం అంటే కండ, ఎముక, నీరు. ప్రాణం పోయాక దానికి అవమానమూ లేదు, గౌరవమూ లేదు. సామాన్యుడికి తన ఊపిరితిత్తి ఎలా ఉంటుందో చూసే హక్కు లేదా? పొగ తాగిన ఊపిరితిత్తిని పక్కన పెట్టి చూపిస్తే ఎంతమంది సిగరెట్ మానేస్తారో ఆలోచించండి. అనాటమీ డాక్టర్ల సొంత ఆస్తి కాదు.

మతం పేరుతో వద్దంటే ఇక్కడితో ఆగదు. శవాన్ని ముట్టుకోకూడదు, కొయ్యకూడదు అన్న కాలంలో వైద్యం ఎక్కడుండేదో మనకి తెలుసు. మన తెలుగువాడు, సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి 2024 సెప్టెంబర్‌లో చనిపోతే ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చారు. అదీ ఆదర్శం.

సింహాద్రి దాసుడు
హేతువాది గారూ, ఏచూరి గారి దేహదానానికి నేనూ నమస్కరిస్తాను. 2010లో నానాజీ దేశ్‌ముఖ్ గారి దేహం కూడా అదే ఎయిమ్స్‌కి వెళ్లింది. ఆయన జీవితమంతా సంఘ్‌లో (ఆరెస్సెస్‌లో) గడిపిన మనిషి. ఆ దానం జరిపించిన సంస్థకి దధీచి పేరు పెట్టుకున్నారు. ఇంద్రుడి వజ్రాయుధం కోసం తన వెన్నెముకనే ఇచ్చిన ఋషి కథ మనదే. కాబట్టి హిందువులు దేహాన్ని ఇవ్వకూడదంటారనే మాట సరికాదు.

మా అభ్యంతరం ఎక్కడుందో చెబుతాను. మనిషికి చేసే సంస్కారాల్లో చివరిది అంత్యేష్టి. "భస్మాంతం శరీరమ్" అని ఈశావాస్యోపనిషత్తు. ఈ శరీరానికి ఒక ముగింపు ఉండాలి, పంచభూతాల్లో కలిసిపోవాలి. దేహాన్ని నిలవ చేయడమే తప్పని కాదు. దశరథుడు పోయినప్పుడు భరతుడు మేనమామ ఇంట్లో ఉన్నాడు. కొడుకు వచ్చేదాకా రాజు దేహాన్ని తైలద్రోణిలో, అంటే నూనె తొట్టెలో భద్రపరిచారని వాల్మీకి రామాయణంలోనే ఉంది. భరతుడు వచ్చి దహనం చేశాడు. అంటే నిలవ చేసింది సంస్కారం జరగడం కోసం. సిలికోన్ నింపిన దేహానికి ఆ చివరి రోజు ఎప్పుడొస్తుంది? ఊరూరా తిరుగుతూ చదరంగం ఆడుతూనే ఉండాలా? ఆ పెద్దావిడ "దహనం కాని శవం" అన్నది ఇదే అర్థంలో అని నేననుకుంటున్నాను.

హేతువాది గాజువాక
మరి శ్రీరంగంలో వైష్ణవ ఆచార్యుడు రామానుజుల తిరుమేని, అంటే ఆయన దేహం సంగతి? తొమ్మిది వందల ఏళ్లుగా కూర్చున్న భంగిమలో అక్కడే ఉందని మీవాళ్లే చెబుతారు. దానికి దహనం ఏది?

సింహాద్రి దాసుడు
అడగవలసిన ప్రశ్నే. సన్యాసులకు మామూలుగానే దహనం ఉండదు, సమాధి చేస్తారు. రామానుజుల వారిని శ్రీరంగం ఆలయంలోనే సమాధి చేశారనీ, ఆ తిరుమేనే దర్శనమిస్తోందనీ మా సంప్రదాయం. ఇప్పటికీ కుంకుమపువ్వు, పచ్చకర్పూరం కలిపి పూస్తారు. అక్కడికి వెళ్లినవాడు చేతులు జోడిస్తాడు. ఆయన పేరు తెలుసు, ఆయన చెప్పింది తెలుసు, శిష్యపరంపర ఇంకా సేవ చేస్తోంది. వీడియోలో చదరంగం ఆడుతున్న ఆ మనిషి పేరు మీకు తెలుసా?

వన్‌టౌన్ సలీం
అస్సలాము అలైకుమ్, అందరికీ. మా వన్‌టౌన్‌లో హార్బర్ దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా. ఈ విషయంలో మాత్రం మూడు కొండలదీ ఇంచుమించు ఒకటే మాట అనిపిస్తోంది.

ఇస్లాంలో మయ్యత్‌కి, అంటే చనిపోయినవాళ్ల దేహానికి చేయవలసింది నాలుగు పనులు. గుస్ల్ (స్నానం), కఫన్ (గుడ్డ చుట్టడం), జనాజా నమాజ్ (ప్రార్థన), ఖననం. ఆలస్యం చేయకూడదు. స్నానం చేయించేటప్పుడు కూడా బొడ్డు నుంచి మోకాళ్ల దాకా గుడ్డ కప్పే ఉంచుతాం, చేయించేవాళ్లు కూడా అటు చూడరు. చనిపోయినవాళ్ల ఎముక విరిస్తే బతికున్నవాళ్ల ఎముక విరిచినట్టేనని హదీసులో ఉంది. ఆ మనిషికి నొప్పి తెలుస్తుందా లేదా అన్న చర్చ పక్కన పెట్టండి. బతికుండగా పదిమంది ముందు బట్ట తొలగనివ్వని మా అమ్మమ్మని, పోయాక చర్మమే లేకుండా నిలబెడితే ఎలా ఒప్పుకుంటాను?

ఇంకో సంగతి. ఈజిప్టులో అధ్యక్షుడు సాదత్ 1980లో కైరో మ్యూజియంలో రాజుల మమ్మీలున్న గదిని మూయించాడు. అవి ఇస్లాం రావడానికి ఎంతో ముందున్న ఫారోలవి. అయినా చనిపోయిన రాజుల్ని అలా చూపించడం మర్యాద కాదన్నారు. 1994లో మళ్లీ తెరిచారు. 2021 ఏప్రిల్‌లో 22 మమ్మీల్ని కొత్త మ్యూజియంకి తీసుకెళ్లినప్పుడు ఊరేగింపు ఎలా చేశారో టీవీలో చూసే ఉంటారు. రాజు బతికి వస్తే ఎలా తీసుకెళ్తారో అలా తీసుకెళ్లారు.

మురళీనగర్ కిరణ్
హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్న మమ్మీని మనలో చాలామంది స్కూల్ టూర్లో చూసినవాళ్లమే. దాన్ని 1930లో ఏడో నిజాం మ్యూజియంకి ఇచ్చారు. అది ఒక అమ్మాయిది. పిల్లలంతా అద్దానికి ముక్కు ఆనించి "దెయ్యం దెయ్యం" అని అరుస్తాం. ఎవరూ ఏమీ అనరు. వేల ఏళ్లయితే అభ్యంతరం పోతుందా?

తొట్లకొండ దారి
కిరణ్ గారి ప్రశ్నకి జవాబు తేలిక కాదు. ప్రాచీన ఈజిప్టువాళ్లు దేహాన్ని అంత శ్రద్ధగా చుట్టింది చనిపోయినవాళ్ల ఆత్మ తిరిగొచ్చి తన దేహాన్ని గుర్తుపట్టాలని. ఆ మతాన్ని పాటించేవాళ్లు ఇప్పుడు లేరు కాబట్టి ధర్నా చేయడానికి ఎవరూ రారు. అడిగేవాళ్లు లేరు కాబట్టి తప్పు లేదనుకుంటే అది బలం లెక్కే అవుతుంది.

అయితే ప్రజలందరూ దాచమనే అంటారనుకోకండి. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ మ్యూజియంవాళ్లు 2008లో గౌరవం కోసమని కట్లు విప్పిన మమ్మీల మీద తెల్లగుడ్డ కప్పారు. చూడ్డానికి వచ్చినవాళ్లే గొడవ చేస్తే వెనక్కి తగ్గారు.

ఇక మన ఊరి మాట. బావికొండ తవ్వకాల్లో ఎముక ముక్క ఉన్న పాత్ర దొరికింది. అది బుద్ధుడి ధాతువేనని, అంటే ఆయన అస్థికేనని నమ్మేవాళ్లున్నారు. మన తీరం వెంట ఉన్న బౌద్ధ స్తూపాల్లో చాలావాటి నడిబొడ్డున ఇలాంటి పిడికెడు అస్థికలే ఉంటాయి. దాని చుట్టూ ఎంత ఇటుక పేర్చారో చూడండి. ప్రదక్షిణ చేసేవాళ్లకి అది కనబడదు. లోపల ఉందని తెలిస్తే చాలు. 1898లో ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వాలో బుద్ధుడి అస్థికలతో పాటు దొరికిన రత్నాలని 2025 మే నెలలో హాంకాంగ్‌లో వేలం వేయబోతే బౌద్ధులు, భారత ప్రభుత్వం గట్టిగా అడ్డుపడ్డారు. వేలం ఆగింది, జులైలో ఆ రత్నాలు ఇండియాకి వచ్చాయి. అవి ఎముకలు కూడా కాదు, పక్కన పెట్టిన రాళ్లు. అయినా అమ్ముడు సరుకు కాదన్నారు.

జ్ఞానాపురం జోసెఫ్
మా వైపు సంగతి కూడా చెప్పనివ్వండి. గోవాలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ దేహం ఉంది. ఆయన 1552లో పోయారు. పదేళ్లకొకసారి కిందికి దించి దర్శనానికి పెడతారు. ఈమధ్య 2024 నవంబర్ 21 నుంచి 2025 జనవరి 5 దాకా పెట్టారు. మా వీధి నుంచి కూడా వెళ్లొచ్చారు. క్యూలో జపమాల చెప్పుకుంటూ వెళ్తారు, అక్కడ ఒక్క క్షణం నిలబడి దండం పెట్టుకుని వచ్చేస్తారు.

కాబట్టి దేహాన్ని చూడటమే పాపమని మేం అనం. క్రైస్తవ నమ్మకంలో శరీరం పవిత్రాత్మకి ఆలయం, తిరిగి లేచే రోజు దానికీ ఉంది. దహనం చేసుకున్నా సరే గానీ బూడిదని ఇంట్లో పెట్టుకోవద్దు, గాల్లో చల్లొద్దు, పవిత్ర స్థలంలో ఉంచండి అని వాటికన్ 2016లో చెప్పింది. బూడిదకే అంత పట్టింపు ఉన్నప్పుడు దేహాన్ని ముక్కలు కోసి వినోదంగా చూపిస్తే ఊరుకుంటామా? జర్మనీలో ఆ ప్రదర్శన మొదలైన కొత్తల్లో కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు ఇద్దరూ అభ్యంతరం చెప్పారు.

హేతువాది గాజువాక
జోసెఫ్ అన్నా, ఆ సెయింట్ గారి కుడిచేతిని 1614లో కోసి రోమ్‌కి పంపింది చర్చే కదా? ఆయన ఒప్పుకున్నాడా? భక్తితో కోస్తే గౌరవం, చదువు కోసం కోస్తే అవమానమా?

జ్ఞానాపురం జోసెఫ్
తమ్ముడూ, ఆ చెయ్యి సంగతి నాకూ నచ్చదు. ఇప్పటి కాలంలో ఎవరూ అలా చేయరు, చేయనివ్వరు కూడా. నువ్వు "ఒప్పుకున్నాడా" అని అడిగావు చూడు, ఆ ప్రశ్నే ఈ ప్రదర్శనలవాళ్లనీ అడుగు.

పాడేరు మట్టి
ఇంతసేపూ చదువుతున్నాను. దేవుడి మాట, సైన్సు మాట వచ్చాయి. మ్యూజియంలోకి ఎవరి దేహాలు వెళ్తాయో ఎవరూ ఇంకా గట్టిగా చెప్పలేదు.

నేను అడవి మనిషిని. మా నాన్నమ్మ వాళ్లకి చనిపోయినవాళ్లు ఊరు విడిచి పోరు. పండక్కి వాళ్లకీ అన్నం పెడతాం, తాగేముందు వాళ్ల పేరు చెప్పి రెండు చుక్కలు నేలమీద వదులుతాం. అలాంటి పెద్దల తలకాయలు ఏ దేశంలోనో అద్దం వెనక ఉన్నాయని తెలిస్తే ఎలా ఉంటుందో నాగా వాళ్లని అడగండి. 2024 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో ఒక వేలం సంస్థ కొమ్ములు కట్టిన నాగా పుర్రెని అమ్మకానికి పెట్టింది. నాగాలాండ్ ముఖ్యమంత్రి నెయ్‌ఫియు రియో కేంద్రానికి రాశారు, చర్చి పెద్దలు, సంఘాలు లేచాయి. వేలం నుంచి తీసేశారు. ఆక్స్‌ఫర్డ్ పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్న నాగా పెద్దల అవశేషాల కోసం వాళ్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు. ఆ మ్యూజియం 2020లో మనుషుల అవశేషాలని ప్రదర్శన నుంచి తీసేసింది, అది మంచి పని.

దక్షిణాఫ్రికా సారా బార్ట్‌మన్ సంగతి ఇంకా దారుణం. బతికుండగా యూరప్‌లో జంతువుని చూపించినట్టు చూపించారు. చనిపోయాక ఆమె అస్థిపంజరాన్ని, శరీర భాగాలని 1970ల దాకా పారిస్‌లో మ్యూజియంలో పెట్టారు. 2002లో గానీ సొంత మట్టిలో పూడ్చలేదు. ఐరిష్ మనిషి చార్లెస్ బర్న్ చాలా పొడుగరి. తన శవాన్ని డాక్టర్లు ఎత్తుకుపోతారని భయపడి సముద్రంలో ముంచమని చెప్పాడు. 1783లో ఆయన పోగానే జాన్ హంటర్ అనే సర్జన్ ఆ దేహాన్ని దక్కించుకున్నాడు. అస్థిపంజరం రెండు శతాబ్దాలకు పైగా లండన్‌లో నిలబడే ఉంది. 2023లో ప్రదర్శన నుంచి తీశారు. సముద్రానికి మాత్రం ఇంకా ఇవ్వలేదు.

మన దేశం సంగతి? 1985లో నిషేధం వచ్చేదాకా ప్రపంచంలోని మెడికల్ కాలేజీలకి అస్థిపంజరాలు ఎక్కువగా మన దగ్గర నుంచే వెళ్లేవి. అవి జమీందార్ల ఎముకలు కావు. కట్టెలకి డబ్బుల్లేనివాళ్లవి, అడిగే దిక్కు లేనివాళ్లవి. వాళ్లకీ దేవుడున్నాడు, వాళ్లకీ కర్మకాండలున్నాయి. ఆ హక్కు ముందు పోయింది. చదువు మాట తర్వాత వచ్చింది.

మన అరకు గిరిజన మ్యూజియంలో మా బతుకుని బొమ్మలతో చూపిస్తారు. అది చాలు. అక్కడ నిజం మనిషి లేడని పిల్లలకి ఏమీ తక్కువ కాలేదు.

హేతువాది గాజువాక
పాడేరు అన్నా, మీ మాటతో నాకు పేచీ లేదు. దొంగతనం దొంగతనమే, దానికి దేవుడు అక్కర్లేదు. నిజానికి ఈ ప్రదర్శనల్ని కోర్టులో ఆపించింది కూడా మతపెద్దలు కారు. పారిస్‌లో 2009లో చైనా నుంచి తెచ్చిన శరీరాల ప్రదర్శన మీద కేసు వేసింది మరణశిక్షని వ్యతిరేకించే సంఘం, చైనా ప్రజల తరఫున పనిచేసే సంఘం. వాళ్లు బతికుండగా ఒప్పుకున్నారని రుజువేది అని కోర్టు అడిగింది, నిర్వాహకులు చూపించలేకపోయారు, ప్రదర్శన మూసేశారు. 2010లో పై కోర్టు ఇంకో మాట అంది. డబ్బు సంపాదనకి దేహాల్ని ప్రదర్శించడం, చనిపోయినవాళ్ల పట్ల గౌరవం ఉండాలన్న తమ సివిల్ చట్టానికే విరుద్ధమని. అదే తరహాలో న్యూయార్క్‌లో జరిగిన మరో ప్రదర్శనలో ఇవి చైనాలో మరణశిక్ష పడ్డ ఖైదీల శరీరాలు కావని మేం సొంతంగా నిర్ధారించలేం అని 2008లో బోర్డు పెట్టాల్సి వచ్చింది. ఆ రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి (అటార్నీ జనరల్) పట్టుబట్టాడు.

నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఫాన్ హాగెన్స్ సంస్థకి వేలమంది బతికుండగానే సంతకం పెట్టి, నా దేహాన్ని ప్రదర్శించండి అని ఇచ్చారు. అలాంటివాడి విషయంలో ఎవరి మతమైనా ఎందుకు అడ్డు రావాలి?

వన్‌టౌన్ సలీం
భాయ్, నా మతం ఆయనకి అడ్డు రాదు. ఆయన సంతకం ఆయనిష్టం. నా పిల్లల్ని స్కూలువాళ్లు ఆ ప్రదర్శనకి తీసుకెళ్లేముందు నన్ను అడగమంటాను, అంతే. నా పన్ను డబ్బుతో నడిచే మ్యూజియంలో దారికి అడ్డంగా పెట్టొద్దంటాను. తలుపు వెనక, వేరే గదిలో, చూడాలనుకున్నవాళ్లే వెళ్లేట్టు పెట్టుకోమనండి. 2004లో లాస్ ఏంజెలెస్‌లో సైన్స్ సెంటర్‌వాళ్లు ప్రదర్శన పెట్టేముందు మతపెద్దలు, డాక్టర్లు ఉన్న సంఘంతో మాట్లాడారు. ముందుగా అడిగితే సగం కోపం అక్కడే పోతుంది.

సింహాద్రి దాసుడు
సలీం భాయ్ మాటకి నేను ఒక్కటి చేరుస్తాను. సంతకం ఉన్నా గడువు ఉండాలి. ఇన్నేళ్లు చూపించి తర్వాత దహనమో ఖననమో చేస్తామని రాసివ్వాలి. అంతం లేని ప్రదర్శన నాకు సమ్మతం కాదు. ఈ ఒక్క విషయంలో హేతువాది గారు, నేను ఒప్పందానికి రాలేం, రాకపోయినా ఫర్వాలేదు.

నిర్వాహకులు
ఇంతసేపు ఒక్క పోస్టు కూడా తొలగించాల్సిన పని పడలేదు, అందరికీ కృతజ్ఞతలు. చర్చ తెరిచే ఉంచుతున్నాం.

భీమిలి సుజాత
నేను ఆలస్యంగా చూశాను. మా నాన్నగారు దేహదానం పత్రం మీద సంతకం పెట్టారు. ఆయన మాట కాదనం. కానీ మా అత్తయ్యలు రెండు విషయాలకి భయపడుతున్నారు. కర్మకాండ ఎలా చేయాలి, రేప్పొద్దున ఆయన్ని ఏ ఎగ్జిబిషన్‌లోనైనా పెడతారా అని. దాసుడు గారు, మాస్టారు గారు చెప్పగలరా?

సింహాద్రి దాసుడు
అమ్మా, దేహం దొరకనప్పుడు దర్భలతో, మోదుగాకులతో ప్రతికృతి చేసి దహనం చేసే విధి శాస్త్రంలోనే ఉంది. యుద్ధంలో, సముద్రంలో పోయినవాళ్లకి అలాగే చేస్తారు. మీ పురోహితులతో ముందే మాట్లాడి పెట్టుకోండి. పది రోజుల కార్యక్రమం యథావిధిగా జరుగుతుంది, దానికి లోటు లేదని అత్తయ్యలకి చెప్పండి.

అనాటమీ మాస్టారు
సుజాత గారూ, మెడికల్ కాలేజీకి ఇచ్చిన దేహాన్ని మామూలుగా విద్యార్థుల డిసెక్షన్‌కి వాడతారు. కొన్ని భాగాలని డిపార్ట్‌మెంట్ మ్యూజియంలో జాడీల్లో భద్రపరచడం కూడా ఉంది. బయటి ఎగ్జిబిషన్ రోజున స్కూలు పిల్లలకి చూపించేది ఎక్కువగా అవే. ముఖం, పేరు తెలిసేలా పెట్టరు, పెట్టకూడదు.

చాలా పత్రాల్లో "విద్య, పరిశోధన అవసరాలకు" అని ఒక్క మాటే ఉంటుంది. దాని కింద ఏమేం వస్తాయో రాసి ఉండదు. అందుకని మీ నాన్నగారి చేతే విడిగా ఒక కాగితం రాయించండి. విద్యార్థుల చదువుకి మాత్రమే, ప్రజా ప్రదర్శనకి ఇవ్వకూడదు, ఏ భాగాన్నీ శాశ్వతంగా ఉంచకూడదు అని ఆయనకి ఏది ఇష్టమైతే అది. ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించి, ఒక కాపీ అనాటమీ డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చి, తీసుకున్నట్టు స్టాంపు వేయించుకోండి. డిసెక్షన్ అయ్యాక మిగిలినదాన్ని ఏం చేస్తారో, ఆ రోజు కుటుంబానికి కబురు చేస్తారో లేదో అక్కడే అడగండి. ఇది కాలేజీని బట్టి మారుతుంది. ఆయన ఆరోగ్యంగా ఉండగానే మీరూ వెంట వెళ్లండి. వీలైతే అత్తయ్యల్ని కూడా తీసుకెళ్లండి, వాళ్ల ప్రశ్నలు వాళ్లనే అడగనివ్వండి.